ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్‌ను ఆధునీకరించాలంటే ముందు ఏం మార్చాలి?

ప్రశ్న

నమస్కారం. సర్వర్లు మొరాయిస్తే చూసుకునే, ఎనిమిది మంది ఉన్న ఆపరేషన్స్ బృందంలో పని చేస్తున్నాను. మానిటరింగ్ నుంచి వచ్చే ప్రతి అలర్టూ ఒక ఉమ్మడి మెయిల్‌బాక్సులో పడుతుంది. షిఫ్టులో ఉన్నవారు చూసి టికెట్ (చేయవలసిన పని నమోదు) తెరుస్తారు. పోయిన నెల ఒక రాత్రి డేటాబేస్ సర్వర్ డిస్క్ నిండిపోయింది. మెయిల్ 1:50కే వచ్చింది గానీ, ఆ రాత్రి వచ్చిన నాలుగు వందల మెయిళ్లలో అది ఎవరి కంటా పడలేదు. వినియోగదారులు ఫోన్ చేస్తేనే మాకు తెలిసింది. ఇప్పుడు యాజమాన్యం కృత్రిమ మేధతో పనిచేసే కొత్త టూల్ కొందామంటోంది. అది సరిపోతుందా?

సమాధానం 1

టూల్ సంగతి తర్వాత చూడవచ్చు. ముందు ఆ నాలుగు వందల మెయిళ్లలో ఒక్కొక్కదాని పక్కన, దాన్ని చూసినవారు అప్పటికప్పుడు ఏం చేయాలో రాయండి. ఏమీ రాయలేకపోతే ఆ అలర్టును తీసేయండి. మాకు ఈ పనికి మూడు వారాలు పట్టింది, అందులో సగం వాదనలకే పోయింది, ఎందుకంటే ప్రతి అలర్టు వెనకా ‘ఎందుకైనా మంచిది’ అని దాన్ని పెట్టినవారు ఒకరుంటారు. డిస్క్ 80 శాతం నిండిందన్నది పగలు చూసుకోదగిన టికెట్. ఇదే వేగంతో నిండితే నాలుగు గంటల్లో చోటుండదన్నది మనిషిని నిద్ర లేపవలసిన విషయం. ప్రొమీథియస్ అనే మానిటరింగ్ టూల్‌లోని ప్రిడిక్ట్ లీనియర్ ఫంక్షన్ సరిగ్గా ఈ లెక్కే కడుతుంది. సీపీయూ వాడకం పెరిగిందని ఎవరినీ లేపకండి, లాగిన్లు విఫలమవుతుంటే లేపండి. 99.9 శాతం లభ్యతకు ఒప్పుకున్నారంటే 30 రోజుల్లో సేవ ఆగిపోవడానికి మీ చేతిలో ఉండేది దాదాపు 43 నిమిషాలే.

సమాధానం 2

అలర్టు చేరిన తరువాతి అరగంట సంగతి కూడా చూడండి. బ్రిడ్జ్ కాల్‌లో (సమస్యపై అందరూ కలిసే ఫోన్ కాల్‌లో) పదిహేను మంది చేరి ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడుగుతుంటే, కమాండ్లు కొడుతున్న మనిషే అందరికీ జవాబు చెప్పుకోవలసి వస్తుంది. 1970లలో కాలిఫోర్నియా కార్చిచ్చుల అనుభవం నుంచి పుట్టిన ఇన్సిడెంట్ కమాండ్ పద్ధతిని మన రంగం అరువు తెచ్చుకున్నది ఇందుకే: నిర్ణయించే కమాండర్ ఒకరు, సరిచేసేవారు ఒకరు, బయటికి కబురు చెప్పేవారు ఒకరు. కమాండర్ కీబోర్డు ముట్టకూడదు. మాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. ఆ బాధ్యత మాలో బాగా అనుభవమున్న ఆయనకు పడేది, ఆయన చేతులేమో ఊరుకోవు.

సమాధానం 3

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వారి డేటా నిల్వ సేవ ఎస్3 ఆగినప్పుడు, సేవలు నడుస్తున్నాయో లేదో చూపే వారి స్టేటస్ డాష్‌బోర్డు నిర్వహణ కూడా ఎస్3 మీదే ఆధారపడినందువల్ల కొంతసేపు అందులో సేవల స్థితిని మార్చలేకపోయారు. కాబట్టి మీ రన్‌బుక్కులు (సమస్య వస్తే ఏం చేయాలో రాసిన సూచనలు), ఫోన్ నంబర్లు మీరు కాపాడవలసిన సర్వర్ల మీదే ఉన్నాయేమో చూసుకోండి. ఆనాటి కారణం ఒక కమాండులో తప్పుగా పడిన ఇన్‌పుట్. అయినా వారి వివరణ ఉద్యోగిని వేలెత్తి చూపలేదు, సర్వర్లను నెమ్మదిగా మాత్రమే తొలగించేలా ఆ టూల్‌ను మార్చామని చెప్పింది. కృత్రిమ మేధ అంటారా, ఒకే మూలం నుంచి వచ్చిన అలర్టులను గుదిగుచ్చడానికి పనికొస్తుంది. చెత్త అలర్టులు ఇస్తే చెత్తనే గుదిగుచ్చుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇప్పటికి 120 మెయిళ్లు చూశాను. చేయవలసిన పని ఉన్నవి 9 మాత్రమే. ఆ 1:50 మెయిల్ కూడా తెరిచాను. దాని తీవ్రత ‘సమాచారం’ అని ఉంది. రెండేళ్ల కిందట ఆ అలర్టు పెట్టింది నేనే.