‘చదివించిరి నను గురువులు’: చదివించు, చదువుకొను అనే రెండు క్రియల గురించి

‘చదువుట’ అంటే సరిపోయే చోట ‘చదువుకొనుట’ అనడం ఎందుకు, ఆ ‘కొను’ వట్టి పూరణ కాదా అని మొన్న మన బృందంలో ఒక సభ్యులు అడిగారు. పూరణ కాదని నా అభిప్రాయం. వండినది ఎవరికోసమైనా కావచ్చు, వండుకున్నది మాత్రం తనకోసమే. ‘కొను’ చేరినప్పుడు క్రియాఫలం కర్తకే చేరుతుంది. దానికి ఎదురుగా ‘ఇంచు’ చేరి ‘చదివించు’ అయితే, చదివే మనిషి పక్కకు జరిగి, చదివించిన వారు కర్తలవుతారు. తిరుపతిలో స్త్రీల చదువు గురించీ, ఉద్యమాల గురించీ చాలా ఏళ్లు పాఠం చెప్పిన దాన్ని కనుక, ఈ రెండు ప్రత్యయాల మధ్య ఉన్న దూరం నాకు వ్యాకరణ విషయంగా మాత్రమే కనిపించదు.

పోతన భాగవతం సప్తమ స్కంధంలో, ఏం నేర్చుకున్నావని తండ్రి అడిగినప్పుడు ప్రహ్లాదుడు చెప్పిన కందం మనందరికీ కంఠస్థమే.

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ!

నాలుగు పాదాల్లో ‘చదువు’ అయిదు సార్లు వచ్చింది. మొదటి రూపానికి కర్తలు గురువులు. చివరి ‘చదివితి’కి కర్త ఆ పసివాడు ఒక్కడే. గురువులు చదివించినది ఒకటి, వాడు అందులోంచి తీసుకున్నది మరొకటి. ఆ మర్మమేమిటో తెలిసిన తర్వాతే తండ్రికి కోపం వచ్చింది. చదివించిన వారి అదుపు దాటి చదువు వెళ్లే చోటు ఈ పద్యంలో ఉన్నది.

ఇక మన ఇళ్లలోని మాట. పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే చోట నేను ఎన్నోసార్లు విన్న వాక్యాలు ఇవి: ‘అబ్బాయి ఇంజనీరింగ్ చదువుకున్నాడు’, ‘అమ్మాయిని డిగ్రీ దాకా చదివించాం.’ తర్వాతి మాట కూడా అదే దారి పడుతుంది: అతను పెళ్లి చేసుకున్నాడు, ఆమెకు పెళ్లి చేశారు. ‘కొను’ అతనికి దక్కింది, ఆమె కర్మకారకంగా మిగిలింది. (పెళ్లిలో కానుకలు ఇచ్చిన వారి పేర్లు పైకి చదివే ఆచారం వల్ల వాటికి చదివింపులు అని పేరు వచ్చింది. కూతురి డిగ్రీని కూడా అదే గొంతుతో చదవడం విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.)

అయితే స్త్రీకి ‘కొను’ను ఏ పేచీ లేకుండా ఇచ్చే చోటు ఒకటి ఉన్నది. అది వ్యతిరేకార్థం. చిత్తూరు పల్లెల్లో పెద్దవయసు స్త్రీలను చదువు సంగతి అడిగితే వచ్చే జవాబు ‘నేను సదువుకోలామ్మా’ అనే. ఆ వాక్యంలో లోపం ఆమెది. బడికి పంపని తండ్రి, ఊళ్లో లేని బడి, ఇంటి చాకిరి, ఏదీ అందులో కర్తగా రాదు. చదివిస్తే ఘనత ఇంటివారిది, చదవకపోతే కొరత ఆమెది. మన భాషలో ఇంత పెద్ద అన్యాయం ఇంత చిన్న ప్రత్యయంలో దాగి ఉండటం నన్ను ఇప్పటికీ నిలవనీయదు.

1990ల తొలినాళ్లలో మన పొరుగున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు ఈ రెండు క్రియల మధ్య గోడ కొంత కూలింది. రాత్రి కేంద్రాల్లో స్త్రీలను చదివించారు, అది నిజమే. సారా వల్ల ఒక సంసారం పడిన పాట్లను చెప్పే సీతమ్మ కథ వాచకంలో ఉండేది. ఆ పాఠం చెప్పిన వారు ఆశించినది అక్షరాలు కూడబలుక్కోవడం. దూబగుంట స్త్రీలు మాత్రం సీతమ్మ కథలో తమ ఇంటిని చదువుకుని, రోశమ్మ వంటి వారు ముందు నిలవగా, ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ పోరాటమే తర్వాతి వాచకంలో పాఠమై ఇతర ఊళ్లకు చేరింది. అది చిత్తూరు జిల్లాకూ పాకింది, సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకున్నారు, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. చదువూ ఉద్యమమూ వేర్వేరు పనులని చెప్పే వారికి నేను ముందుగా ఈ ఉదాహరణనే చూపుతాను.

గురువుల దగ్గర ఓనమాలైనా చదువలేదని చెప్పుకున్న తరిగొండ వెంగమాంబను కూడా ప్రహ్లాదుని పక్కన నిలిపి చూడండి. బాల్యంలోనే భర్తను కోల్పోయి, వైధవ్యపు ఆచారాలకు లొంగక, కావ్యాలు రాసి తిరుమలలో స్థిరపడిన ఆమెకు ‘చదివించిరి’ అనే మొదటి పాదమే లేదు.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: ‘అమ్మా, మీ మాటను కాదనడం లేదు కానీ, మా అమ్మ రెండు పాడి ఆవులను మేపి, డెయిరీకి పాలు పోసి నన్ను చదివించింది. నాకు ఆ క్రియ మీద కృతజ్ఞత తప్ప కోపం రాదు.’

తల్లీ, మీరు చెప్పినది నా వాదంలో నేను వదిలేసిన భాగం. ‘చదివించు’కు మీ అమ్మగారు కర్త అయినప్పుడు ఆ క్రియ బరువే మారిపోతుంది, దాన్ని ఒప్పుకుంటున్నాను. ఒక్కటి అడగాలనిపిస్తున్నది. మీ అమ్మగారు తన చదువు గురించి చెప్పేటప్పుడు ఏ క్రియ వాడతారు? ‘నన్ను సదివించలా’ అంటారా, ‘సదువుకోలా’ అంటారా? ఒకప్పుడు ఒక పెద్దావిడను నేను ‘మీరు చదువుకోలేదా?’ అని కాక ‘మిమ్మల్ని చదివించలేదా?’ అని అడిగాను. ఆమె కాసేపు ఊరకుండి, ‘తమ్ముణ్ణి ఎత్తుకోమన్నారు’ అన్నది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లోనూ, మదనపల్లె వైపూ ఈ రెండు వ్యతిరేక రూపాల్లో ఏది ఎక్కువగా వినిపిస్తుందో, ఎవరి నోట వినిపిస్తుందో, సభ్యులు తమ ఇళ్లలో విన్నది విన్నట్టుగా ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.