బయటివాళ్లు పెడితే ప్రజాస్వామ్యం నిలుస్తుందా? సెమినార్ పేపర్‌కు సాయం కావాలి

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతున్నా. ఇతర దేశాల్లో ప్రజాస్వామ్యాన్ని పెంచడం విదేశాంగ విధానంగా పనికొస్తుందా అన్నది నా టాపిక్.

అఫ్గానిస్తాన్ దగ్గరే ఆగిపోయాను. కాబూల్‌లో పార్లమెంటు భవనం కట్టించింది మన దేశమే, 2015 డిసెంబరులో మోదీ ప్రారంభించారు. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చాక భవనం ఉంది, పార్లమెంటే లేదు. అమెరికా సైన్యం ఇరవై ఏళ్లు ఉన్నా అంతే. మరి 1945 తర్వాత జపాన్, పశ్చిమ జర్మనీల్లో ఎలా నిలిచింది? అక్కడ ముందునుంచే పార్టీలు, ఎన్నికల అలవాటు, పనిచేసే ఆఫీసులు ఉన్నాయి కాబట్టి అని నేనంటాను. మా సీనియర్ అన్నేమో అంతా డాలర్ల మహిమేనని కొట్టిపారేస్తాడు (ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు లెండి).

మన దేశం సంగతి ఇంకా తికమక. 2005లో ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధికి డబ్బులిచ్చింది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కుంటే మాత్రం వాళ్లతో మాటలు తెంచుకోలేదు. మణిపూర్, మిజోరం సరిహద్దు చూస్తే అదీ అర్థమవుతుంది.

సైన్యం దిగకుండా, బయటి సాయంతో నిలదొక్కుకున్న దేశాలేవైనా చెప్తారా? పోలండ్‌కు యూరోపియన్ యూనియన్‌లో చేరాలన్న ఆశ పనిచేసిందంటారు, దాన్ని ఇందులో కలపొచ్చా? తెలుగులో చదవడానికి ఏమైనా ఉంటే ఇంకా మంచిది.