ఉగాది సభ: హాలులో డప్పు, చెక్కలు వద్దంట. శనివారం రిహార్సల్ లోపు ట్రాకులు కావాలి
(విదేశంలో ఉంటున్న అనంతపురం జిల్లా వాళ్ల గ్రూపు. పేర్ల బదులు సొంత ఊళ్లు.)

ఉరవకొండ (గురువారం సాయంత్రం 6:10)
పనుల పట్టీ మళ్లీ పెడుతున్నా. ఓళిగలు, ఉగ్గాని బజ్జీ: రాయదుర్గం. ముగ్గు, కుర్చీలు: గుత్తి, తాడిపత్రి. పచ్చడికి వేపపువ్వు: ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.
అయితే ముందు ఇది చూడండి. హాలు నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. లోపల డప్పు, తబలా, చెక్కలు, ఏ తాళవాద్యమూ వాయించకూడదంట. స్పీకర్‌లో పాట పెట్టుకోవచ్చు. శబ్దం హద్దు దాటితే స్టేజీ కరెంటు దానంతటదే ఆగిపోయే మిషన్ బిగించారంట. ఆఖరి రిహార్సల్ శనివారం పొద్దున పదింటికి. ఏం చేద్దాం?

గుత్తి (6:32)
చెక్కలు లేకుండా చెక్కభజన ఏందక్కా? పదహారు మంది పిల్లలు ప్రతి ఆదివారం వచ్చి నేర్చుకున్నారు. చేతిలో బిళ్లలు ఘల్లుమంటేనే వాళ్ల కాలు లేస్తుంది. కాగితం మీద సంతకం పెట్టేముందు ఎవరూ చదవలేదా?

ఉరవకొండ (6:41)
సంతకం పెట్టింది నేనే. పెద్ద శబ్దాలు వద్దని మాత్రమే ఉంది. పిల్లల చెక్కలు కూడా అందులోకే వస్తాయని నాకెలా తెలుస్తుంది? ఆరోజు చదివి చెప్పమని నీకు మూడుసార్లు ఫోన్ చేశాను.

గుత్తి (6:44)
అయితే తప్పు నాదే అనుకోండి. శనివారం నేను రాను. పిల్లలకు మీరే చెప్పండి.

రాయదుర్గం (6:58)
అన్నా, ఆ మాట మాత్రం వద్దు. మావాడు కీబోర్డు పట్టుకుని రోజూ నీ పేరే తలుస్తున్నాడు. ఓళిగల లెక్క తర్వాత చూసుకుందాం.

తాడిపత్రి (7:20)
ఒక మార్గం ఉంది. స్పీకర్‌లో పాటకు అభ్యంతరం లేదు కదా. అనంతపురంలో భజన పాడే అయ్యవారితోనే పాట, డప్పు, చెక్కలు అన్నీ కలిపి రికార్డు చేయిద్దాం. దాన్ని పల్లవి ఒక ముక్క, ఒక్కో చరణం ఒక్కో ముక్కగా కోస్తా. పిల్లలు ఎక్కడ తడబడితే ఆ ముక్క నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఊళ్లో ఎవరున్నారు?

అనంతపురం (7:35)
నేనున్నా. అక్క పెళ్లి మొన్ననే అయింది, వచ్చే వారం దాకా ఇక్కడే. పొద్దున్నే పాతూరులో అయ్యవారి ఇంటికి పోతా. మీరు ఇక్కడికంటే ఐదున్నర గంటలు వెనక కాబట్టి ఫైలు మీరు నిద్ర లేచేసరికి ఉంటుంది.

తాడిపత్రి (7:39)
వాట్సాప్‌లో ఆడియోగా పంపొద్దు తమ్ముడూ, నొక్కేసి నాణ్యత తగ్గించొచ్చు. డాక్యుమెంట్‌గా పంపు.

అనంతపురం (శుక్రవారం ఉదయం 5:50)
పంపా. 38 నిమిషాలు, ఒకే ఊపులో పాడారు. గొంతు బాగాలేదని ఒకటిన్నర శ్రుతి నుంచి ఒకటికి దిగారు. మధ్యలో కరెంటు పోయింది, అయినా ఆపలేదు. ఫోను ఆయన మోకాలి పక్కనే పెట్టా, చెక్కల బిళ్లలు బాగా పడ్డాయి.

తాడిపత్రి (11:15)
ఫైలు చాలా బాగుంది. కోయడం దగ్గరే ఇరుక్కున్నా. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఆడియో ప్రోగ్రాంలో నిశ్శబ్దం వెతికే సైలెన్స్‌డిటెక్ట్ పెట్టి, మైనస్ 30 డెసిబెల్స్ కంటే కింద అర సెకను ఉన్న చోటల్లా గుర్తు పెట్టమన్నా. దొరికింది ఒక్కటే చోటు, అదీ కరెంటు పోయి శ్రుతి పెట్టె ఆగినప్పుడు ఆయన ఊపిరి పీల్చుకున్న క్షణం. మిగతా 38 నిమిషాలూ తంబూరా నాదం వెనక మోగుతూనే ఉంది, మిషన్‌కు నిశ్శబ్దమే కనిపించడం లేదు. పైథాన్‌లో పైడబ్ అనే ఆడియో లైబ్రరీ కూడా నిశ్శబ్దాన్ని చూసే కోస్తుంది, దాంతోనూ ఇదే కథ. హద్దు పెంచితే చరణం మధ్యలో తెగుతోంది.

గుత్తి (11:40)
ఆ పాటలో ఆగేచోట్లు మిషన్‌కు తెలియవు తమ్ముడూ, అయ్యవారికి తెలుసు. ఆయన పక్కన ఎవరైనా కూర్చుని విని రాసుకోవాలి.
అక్కా, నిన్న నోరు జారాను. రాత్రి ఫోన్‌లో చెప్పినా, ఇక్కడ కూడా చెప్పాలనిపించింది. శనివారం వస్తా.

ఉరవకొండ (11:46)
వదిలెయ్ తమ్ముడూ. నేనూ హాలుకు ఫోన్ చేసి గట్టిగా అడిగుండాల్సింది. చెక్కలు చేతిలో పట్టుకోవడానికి అభ్యంతరం లేదన్నారు, మోగకూడదంతే.

గుత్తి (11:49)
అయితే బిళ్లలకు నూలుదారం చుడతా. పిల్లలు చేతులు ఆడిస్తారు, చప్పుడు అయ్యవారి చెక్కలది వస్తుంది.

అనంతపురం (మధ్యాహ్నం 3:30)
ఆయనతో కూర్చున్నా. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో లేబుళ్లు పెట్టి టెక్స్ట్ ఫైలుగా తీశా. వరుసకు ఒక ముక్క: మొదలు సెకను, ముగింపు సెకను, పేరు. మొత్తం 14. ఆయన కళ్లు మూసుకుని వింటారు. చరణం అయ్యేచోట చూపుడువేలు ఎత్తితే నేను మీట నొక్కాను.

తాడిపత్రి (5:05)
ఆ ఫైలు చదివి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో కోసే చిన్న స్క్రిప్టు రాశా, నిమిషంలో 14 ముక్కలూ వచ్చాయి. రెండు సంగతులు. మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కాపీ పద్ధతిలో కోస్తే ఫ్రేమ్ (ఆడియోలో చిన్న తునక) అంచు దగ్గర మాత్రమే తెగుతుంది, అందుకే ముందు వేవ్ (నొక్కని ఆడియో) ఫైలు చేసి ఆ తర్వాత కోశా. కోసిన చోట టక్‌మంటుంటే రెండు చివరలా 10 మిల్లీసెకన్ల ఫేడ్ పెట్టా.

రాయదుర్గం (5:30)
మావాడికి సరిగమలు రావు, సీ డీ ఈ మాత్రమే చదువుతాడు. పాట శ్రుతి మారిందంటున్నారు, వాడికి టెన్షన్ పట్టుకుంది. ఎవరైనా రాసిస్తారా?

తాడిపత్రి (6:45)
శ్రుతి మారడం వాడికి మంచిదే వదినా. పాట మోహన రాగం. ఒకటో శ్రుతిలో స రి గ ప ద అంటే సీ డీ ఈ జీ ఏ, అన్నీ తెల్ల మీటలే. ఒకటిన్నరకు లేపడానికి వేగాన్ని 1.0595 రెట్లు చేయాలనుకున్నా, అది వదిలేద్దాం. పిల్లలే అర మెట్టు దిగనీ.
స్వరాలు లిబ్రోసా అనే పైథాన్ లైబ్రరీతో తీశా. అందులోని పీ-యిన్ (pYIN) పద్ధతి గొంతులోని హెర్ట్జ్ చెబుతుంది, దాన్ని కర్ణాటక స్వరంగా మార్చే ఫంక్షన్ అందులోనే ఉంది. అయితే దానికి స ఎంతో, మేళం (మూల రాగం) ఎన్నోదో మనమే చెప్పాలి. అయ్యవారి స 130.81 హెర్ట్జ్, అంటే కీబోర్డుల మిడి లెక్కలో 48. మేళం 28 ఇచ్చా, మోహనం ఆ 28వ మేళం హరికాంభోజి నుంచి పుట్టిన రాగం కాబట్టి. మేళం చెప్పకుండా పేరు తేలదు. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం రెండూ ఒకే స్థానం కదా.
మొదటిసారి గందరగోళం వచ్చింది. ప్రతి 23 మిల్లీసెకన్లకు ఒక స్వరం ఇస్తుంది, ఆయన ద మీద గమకం వేస్తే (స్వరాన్ని ఊపితే) ఒక్క ద కాస్తా ఏడెనిమిది స్వరాలుగా కనిపించింది. స్వరం నిలిచినంత సేపూ మధ్య విలువ తీసుకున్నాక కుదిరింది. కాగితం పంపుతున్నా, కానీ గమకం కాగితంలో లేదు. వాణ్ణి రాత్రి మూడో ముక్క ఐదారుసార్లు వినమను.

రాయదుర్గం (7:02)
వింటున్నాడు. అన్నం కూడా తినకుండా వింటున్నాడు.

గుత్తి (శనివారం మధ్యాహ్నం 12:20)
రిహార్సల్ అయింది. పల్లవి వరకు బాగుంది, చరణం మొదలయ్యేసరికి ఒక్కరూ కదల్లేదు. పాట నడుస్తోంది, పిల్లలు నా మొహం చూస్తున్నారు. తర్వాత అర్థమైంది. చరణం ముందు అయ్యవారు ‘ఆఁ, ఎత్తు!’ అంటారు కదా, పిల్లలు నేర్చుకున్నదే ఆ మాట మీద. అది ముక్కల్లో లేదు తమ్ముడూ.

తాడిపత్రి (12:26)
మాట్లాడిన మాట కదా అని నేనే పక్కకు తీసేశా అన్నా. పాట స్వరం దగ్గర నుంచి మొదలుపెట్టా.

గుత్తి (12:28)
అది మాట కాదు, పాటలో భాగమే. అది వినపడకపోతే పదహారు కాళ్లు ఒకేసారి లేవవు.

తాడిపత్రి (12:50)
చరణాలన్నీ 1.5 సెకన్లు ముందు నుంచి మళ్లీ కోశా, ప్రతి దాంట్లో ‘ఎత్తు’ ఉంది. పాత ముక్కలు అందరూ తీసేయండి. రేపు పెన్‌డ్రైవ్‌లు రెండు తెస్తా, ఫోన్‌లో కూడా ఒక కాపీ ఉంటుంది.

అనంతపురం (1:05)
అయ్యవారికి చెప్పా. ‘ఆ కేక తీసేస్తే పాటకు కాళ్లుండవు నాయనా’ అన్నారు. రేపు వీడియో కాల్ పెట్టండి, చూస్తామన్నారు.

ఉరవకొండ (1:10)
పెడతాం. స్పీకర్ శబ్దం ఎంత పెడితే ఆ మిషన్ కరెంటు ఆపదో తెలియాలి. రేపు ఎనిమిదింటికే హాలు దగ్గర ఉంటా, గుత్తీ, నువ్వు కూడా వస్తావా?

గుత్తి (1:12)
ఏడున్నరకే వస్తా అక్కా. దారం చుట్టాల్సిన చెక్కలు ఇంకా ఆరు జతలున్నాయి.