1990 ట్రెజర్ ఐలాండ్ టీవీ సినిమా: ఇంతకంటే బాగా ఎవరైనా తీశారా?

పాతసినిమాలపిచ్చోడు: రాత్రి మళ్ళీ చూశా. టీఎన్‌టీ ఛానల్ వాళ్ళది, ఒంటికాలి పైరేట్ లాంగ్ జాన్ సిల్వర్‌గా చార్ల్‌టన్ హెస్టన్, కథానాయకుడు జిమ్‌గా కుర్ర క్రిస్టియన్ బేల్, గుడ్డి ప్యూగా క్రిస్టఫర్ లీ. డైలాగులు కూడా చాలావరకు స్టీవెన్సన్ రాసిన పుస్తకంలోవే. దీన్ని మించింది లేదు, కాదనేవాళ్ళు రండి.

కోరంగి_ఓడ: వచ్చా. పుస్తకంలో వాళ్ళ ఓడ హిస్పానియోలా స్కూనర్ రకం అండి. ఇందులో వాడింది బౌంటీ, 1962 సినిమా కోసం కట్టిన మూడు తెరచాప కొయ్యల ఓడ. స్కూనర్‌కైతే తక్కువ మంది చాలు, అందుకే జిమ్మూ, తొడకి గాయమైన పైరేట్ ఇజ్రాయెల్ హ్యాండ్సూ ఇద్దరే నడిపి ఒడ్డెక్కించారంటే నమ్ముతాం. దీన్ని ఇద్దరా?

పాతసినిమాలపిచ్చోడు: స్టీవెన్సనే రాసుకున్నాడు సార్, అది అసలు బ్రిగ్ అనే ఇంకో రకం ఓడ అవ్వాల్సింది, బ్రిగ్ నడపడం తనవల్ల కాదని పరువు పోకుండా స్కూనర్‌తో సరిపెట్టానని.

కోరంగి_ఓడ: బ్రిగ్‌కి రెండు కొయ్యలే.

సందులో_సడేమియా: ఆ బౌంటీ 2012లో శాండీ తుఫానులో మునిగిపోయింది, ఇంక వదిలెయ్యండి బాబూ

బెజవాడ_బుల్లోడు: డైరెక్టర్ హెస్టన్ కొడుకే. మన దగ్గరైతే వారసత్వం అని దుమ్మెత్తిపోస్తాం. పైగా సిల్వర్ తనకి యాభై అని తనే చెప్తాడు, హెస్టన్‌కి అప్పటికే అరవై అయిదు దాటాయి.

కాంచనద్వీపం_ఫ్యాన్: నేను చిన్నప్పుడు నండూరి రామమోహనరావు గారి అనువాదం ‘కాంచనద్వీపం’ చదివా. మా వీధిలో చీటీలాయన ఒకడుండేవాడు, పిల్లలకి పిప్పరమెంట్లు, మా అమ్మని నోరారా చెల్లెమ్మా అనేవాడు, ఒకరోజు తెల్లారేసరికి ఇంటికి తాళం, నా కాలేజీ ఫీజు డబ్బులు దాంతోనే పోయాయి. సిల్వర్ అంటే అలా ఉండాలి. ఆపిల్ పీపాలో దాక్కుని జిమ్ వింటాడు చూడండి, తనని పొగిడిన మాటలే సిల్వర్ ఇంకో కుర్రాడితో అంటుంటాడు, అక్కడ మన ప్రాణం ఉసూరుమనాలి. హెస్టన్ మొహం చూస్తే మొదటి సీన్లోనే జేబు తడుముకుంటాం, ఇంక మోసపోయేదేముంది?

పాతసినిమాలపిచ్చోడు: మీ చీటీ డబ్బులకి హెస్టనేం చేస్తాడండీ, ఇంటి ఏడుపులన్నీ తెచ్చి రివ్యూ అంటారా

కాంచనద్వీపం_ఫ్యాన్: ఏడుపా? డబ్బు పోయినోడికి తెలుస్తుంది.

పాతసినిమాలపిచ్చోడు: మీ ఒక్కరికే పోయిందా? మాకు ఎగ్గొట్టింది సొంత మేనమామ. ఇప్పటికీ పెళ్ళిళ్ళకి వస్తే అందరూ చుట్టూ చేరి ఆయన జోకులకి పగలబడి నవ్వుతారు, పొలం సంగతి ఎవరూ ఎత్తరు. 1950 డిస్నీ సినిమాలో రాబర్ట్ న్యూటన్ అలాగే నవ్వించి పోయాడు, ఈరోజుకీ పైరేట్ అంటే జనం ఆయన యాసే పట్టుకుంటారు. చంకకర్ర విసిరి ఒకణ్ణి పడగొట్టి వీపులో కత్తి దించినవాడండీ సిల్వర్! వాణ్ణి ముద్దొచ్చేలా చూపిస్తే నాకు ఒళ్ళుమంట. హెస్టన్ అది చెయ్యలేదు, అందుకే నచ్చాడు.

కాంచనద్వీపం_ఫ్యాన్: జోకులకి మీరూ నవ్వుతారా?

పాతసినిమాలపిచ్చోడు: వస్తుందండీ నవ్వు. ఏం చెయ్యను.

కోరంగి_ఓడ: ఇంతకీ బ్రిగ్‌కి రెండు కొయ్యలేనని ఒప్పుకున్నట్టేగా?