మార్నింగ్టన్, వెల్లెస్లీ ఒక్కడేనా? ఐర్లండ్ బిరుదు ఎందుకు?

అశోక్‌నగర్_అభ్యర్థి:
గ్రూప్-1కి చదువుతున్నా. నిజాంతో 1798 సైన్య సహకార ఒప్పందం నాటికి గవర్నర్ జనరల్ ‘ఎర్ల్ ఆఫ్ మార్నింగ్టన్’. 1800లో దత్తమండలాలు తీసుకునేటప్పటికి ‘మార్క్వెస్ వెల్లెస్లీ’. ఒక్కడేనా, ఇద్దరా? పైగా ఆ మార్క్వెస్ ఐర్లండ్ బిరుదట. గెలిచింది శ్రీరంగపట్నంలో కదా, ఐర్లండ్ ఎట్లా వచ్చింది?

మలక్‌పేట_మాస్టారు:
ఒక్కడే బాబూ, రిచర్డ్ వెల్లెస్లీ. మార్నింగ్టన్ ఎర్ల్ అనేది 1760లో వాళ్ళ నాన్నకిచ్చిన ఐర్లండ్ బిరుదు. 1781లో ఆయన పోతే పెద్దకొడుకుగా ఇతనికి వచ్చింది. 1799 మేలో టిప్పు చనిపోయాడు, డిసెంబరులో ఇతన్ని మార్క్వెస్ (ఎర్ల్‌కు ఒక మెట్టు పైది) చేశారు. అదీ ఐర్లండ్ లెక్కలోనే! ఇతను ఆశపడ్డది బ్రిటన్ బిరుదుకు. ఒళ్ళు మండి, ఇది రెండు పూతల బంగారం పూసిన ఆలుగడ్డ అన్నాడు.

ఐర్లండ్ బిరుదుతో లండన్ ప్రభువుల సభలో కుర్చీ రాదు. అందుకే మంత్రులు ధారాళంగా పంచేవాళ్ళు. ప్లాసీ క్లైవ్‌కు 1762లో ఇచ్చిందీ ఇలాంటి ఐర్లండ్ బిరుదే. 1801లో ఐర్లండ్ పార్లమెంటు లండన్‌లో కలిసిపోయాక కూడా, తమలో తాము ఎన్నుకున్న 28 మందికే సభలో చోటు. (వెల్లెస్లీకి 1797 నుంచే బ్రిటన్ బారన్ (అన్నిటికన్నా కింది మెట్టు) బిరుదు వేరే ఉంది, కుర్చీకి లోటు లేదు. ఏడుపంతా హోదా గురించే.)

నాకు మండేది వేరే. టిప్పు మీద ఆ యుద్ధానికి మీర్ ఆలం వెంట మన నిజాం ఫౌజు కూడా పోయింది. మైసూరు నుంచి 1792లో, 1799లో నిజాంకు వచ్చిన సీమలన్నీ 1800లో కంపెనీ సైన్యం ఖర్చు కింద రాసిచ్చేశాడు. అతని ఆలుగడ్డకైనా బంగారం పూశారు, మనకు మిగిలిందేంటి?

కోఠీ_కుర్రోడు:
ఆ బిరుదు ఇప్పుడెవరికుంది సార్? 1902లో బీరార్‌ను శాశ్వత కౌలుకు రాయించుకున్న వైస్రాయి కర్జన్‌ది కూడా ఐర్లండ్ బిరుదే అంటారు?

మలక్‌పేట_మాస్టారు:
మార్క్వెస్ 1842లో అతనితోనే పోయింది. ఐదుగురు పిల్లలున్నా అందరూ పెళ్ళికి ముందు పుట్టినవాళ్ళే, చట్టం ఒప్పలేదు. ఎర్ల్ బిరుదు తమ్ముడు విలియంకు పోయింది. 1863లో ఆ శాఖా ఆగిపోయి, ఇంకో తమ్ముడు ఆర్థర్ వంశానికి, అంటే వెల్లింగ్టన్ డ్యూకులకు చేరింది. ఇప్పటికీ వాళ్ళదే.

కర్జన్‌కు 1898లో ఇచ్చారు, తిరిగెళ్ళాక కామన్స్‌కు (ఎన్నికల దిగువ సభకు) పోటీ చేసే దారి మూసుకుపోకూడదని; బ్రిటన్ బిరుదైతే ఆ దారి మూసుకుపోయేది. ఆ తర్వాత కొత్త ఐర్లండ్ బిరుదు ఎవరికీ ఇవ్వలేదు.

అశోక్‌నగర్_అభ్యర్థి:
అయితే బిట్‌లో ‘నాలుగో మైసూరు యుద్ధం నాటి గవర్నర్ జనరల్ మార్క్వెస్ వెల్లెస్లీ’ అనిస్తే తప్పా సార్?

మలక్‌పేట_మాస్టారు:
అప్పటికి ఎర్లే. కానీ పేపర్ తయారుచేసేవాళ్ళు అంత లోతుకు పోరు. టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు పో.