డిజిటాక్ట్, టీడీ-3 పక్కకి పాలీ సింథ్: నాలుగు వాయిస్‌లు సరిపోతాయా?

కూకట్‌పల్లి_కిక్
అందరికీ నమస్తే. నా దగ్గర డ్రమ్స్‌కి ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ (శాంపిల్స్‌ని స్టెప్పులవారీగా తనే వాయించే సీక్వెన్సర్ మెషీన్), బేస్‌కి బెరింగర్ టీడీ-3, ఒక రివర్బ్ పెడల్, చిన్న మిక్సర్ ఉన్నాయి. ఇప్పటిదాకా కార్డులు కూడా శాంపిల్ చేసి డిజిటాక్ట్‌లోనే నడిపిస్తున్నా. శాంపిల్ చేసిన మేజర్ కార్డ్ పిచ్ ఎక్కడికి జరిపినా మేజరే. పైకి పోయినకొద్దీ పొట్టిగా అయిపోతుంది కూడా. విసుగొచ్చింది. పాలీ సింథ్ (ఒకేసారి చాలా నోట్లు పలికేది) ఒకటి తీసుకుందామని చూస్తున్నా. బడ్జెట్ 70 వేలు, మరీ నచ్చితే ఇంకో పది. నా లిస్టులో కోర్గ్ మినీలాగ్ ఎక్స్‌డీ, ఆర్టూరియా మినీఫ్రీక్, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బెరింగర్ డీప్‌మైండ్ 12 ఉన్నాయి. టేబుల్ మీద జాగా తక్కువ. ఏది తీసుకోమంటారు?

మోండా_మోనో
ఎక్స్‌డీ. ఇంకో మాట లేదు భయ్యా. డిజిటాక్ట్ మిడీ ట్రాక్ (బయటి సింథ్‌కి నోట్లు పంపేది) ఒక స్టెప్పుకి నాలుగు నోట్లకి మించి పంపదు. ఎక్స్‌డీకి ఉన్నవి నాలుగు వాయిస్‌లు, అంటే ఒకేసారి నాలుగు నోట్లు. లెక్క కరెక్టుగా కుదిరింది. డీప్‌మైండ్ తీసుకుంటే మిగతా ఎనిమిది వాయిస్‌లకి ఊరికే అద్దె కట్టినట్టు.

టెర్రస్_టెక్నో
ల్యాప్‌టాప్‌లో ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ సింథ్) వాడుకో బ్రో. ఫ్రీవి బోలెడు.

ఆర్కెస్ట్రా_కీస్
కిక్ తమ్ముడూ, ఆ లెక్క నమ్మొద్దు. స్టెప్పుకి నాలుగు నోట్లన్నది నిజమే. కానీ ప్యాడ్ అంటే నోట్ వదిలాక కూడా మోగుతూ ఉండాలి. రిలీజ్ (కీ వదిలాక సౌండ్ ఆగేదాకా పట్టే టైమ్) మూడు నాలుగు సెకన్లు పెట్టావనుకో. మొదటి కార్డ్ నాలుగు వాయిస్‌లూ తీసేసుకుంది. రెండో కార్డుకి వాయిస్‌లు ఎక్కణ్ణుంచి వస్తాయి? మొదటి కార్డ్ తోక కోసి దీనికిస్తుంది. ఫాస్ట్ పాటలో తెలియదు, నెమ్మది పాటలో ప్రతి మార్పు దగ్గరా తెలిసిపోతుంది.

నా సంగతే చెప్తా. నాగోల్ దగ్గర ఫంక్షన్ హాల్లో సంగీత్ ప్రోగ్రామ్. నా కీబోర్డ్ రిపేర్‌లో ఉంటే అద్దెకిచ్చేవాడు నాలుగు వాయిస్‌ల సింథ్ అంటగట్టాడు. ఎడమ చేత్తో కింది సా, ప పట్టుకుని, కుడి చేత్తో మూడు నోట్ల కార్డ్ వేశా. అయిదో నోట్ పడగానే అన్నిటికన్నా ముందు నొక్కిన సా పోయింది. వేలు కీ మీదే ఉంది, సౌండ్ లేదు. పాడే అమ్మాయి శ్రుతి కోసం నా మొహం చూస్తోంది. ప్రోగ్రామ్ అయ్యాక ఆర్గనైజర్ నా డబ్బుల్లో కోత పెట్టాడు. డీప్‌మైండ్ తీసుకో, పన్నెండు వాయిస్‌లుంటాయి.

మోండా_మోనో
సార్, మీరు చెప్పేది సంగీత్ ప్రోగ్రామ్ గురించి. అతను అడిగింది ఎలక్ట్రానిక్ సెటప్ గురించి. అతని దగ్గర రివర్బ్ పెడల్ ఉందని రాశాడు, చదివారా? సింథ్‌లో రిలీజ్ తగ్గించి పెడల్లో డికే (రివర్బ్ నిలిచే టైమ్) పెంచితే తోక సంగతి అది చూసుకుంటుంది. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 సింథ్‌కి అయిదే వాయిస్‌లు. దాంతో ఎన్ని రికార్డులు రాలేదు?

ఆర్కెస్ట్రా_కీస్
చదివా. రివర్బ్ తోక వేరు, ఫిల్టర్ (సౌండ్ పదును తగ్గించేది) మెల్లగా మూసుకుంటూ ఆగిపోయే తోక వేరు. రెండోది సింథ్ లోపల ఆ వాయిస్ బతికి ఉంటేనే వస్తుంది. ఇక ప్రాఫెట్-5 రికార్డులంటావా, స్టూడియోలో ట్రాక్ మీద ట్రాక్ వేసుకోవచ్చు. లైవ్‌లో రెండో ట్రాక్ ఎవరు వేస్తారు, మీ నాన్నగారా?

డీసీవో_దిల్‌సుఖ్‌నగర్
మధ్యలో మినీఫ్రీక్‌ని ఇద్దరూ వదిలేశారు. దానికి ఆరు వాయిస్‌లు, ప్రతి వాయిస్‌కీ దాని అనలాగ్ ఫిల్టర్ దానికే ఉంది. పారాఫోనిక్ మోడ్‌లో (నోట్లు ఫిల్టర్లని పంచుకునే మోడ్) పెడితే పన్నెండు నోట్లు మోగుతాయి. దాని తమ్ముడు మైక్రోఫ్రీక్‌తో కలిపి చూడకండి. అందులో నాలుగు నోట్లూ ఒకే ఫిల్టర్‌లోంచి పోతాయి. కొత్త నోట్‌తో ఫిల్టర్ మళ్లీ తెరుచుకుంటే, పట్టి ఉంచిన పాత నోట్లు కూడా దానితోపాటు ఎగిరిపడతాయి.

ఇంకోటి, మన మే నెల. ఎక్స్‌డీవి వీసీవోలు, అంటే వోల్టేజ్‌తో పిచ్ పట్టే ఆసిలేటర్లు. గది వేడెక్కితే పిచ్ జరుగుతుంది, ట్యూనింగ్ చేయించుకోవాలి. డీప్‌మైండ్‌వి డీసీవోలు, డిజిటల్ క్లాక్ మీద నడుస్తాయి కాబట్టి పిచ్ కదలదు. ఏసీ లేని గది అయితే ఇది కూడా చూసుకో.

పాతబస్తీ_ప్యాచ్
ఇవన్నీ ఎందుకు, పాత రోలాండ్ సింథ్ జూనో-106 వెతుక్కో. అసలు సిసలు కోరస్.

డీసీవో_దిల్‌సుఖ్‌నగర్
106 వచ్చింది 1984లో. దాని వాయిస్ చిప్‌ల మీద పూసిన ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ముదిరి ఒక్కో వాయిస్ చచ్చిపోవడం అందరికీ తెలిసిన జబ్బు. ఇక్కడ పట్టుకెళ్తే ఎవరు చేస్తారు? కోఠిలో ఆంప్లిఫయర్లు చేసేవాళ్లకి చూపిస్తే కవర్ విప్పి, దండం పెట్టి మళ్లీ మూసేస్తారు.

మోండా_మోనో
వీసీవో కాస్త కదిలితేనే ప్రాణం. కదలకూడదంటే ప్లగిన్ పెట్టుకోవచ్చుగా. అయినా అసలు పాయింట్ మీరెవరూ పట్టుకోలేదు. మన సంగీతంలో ఒక్కో స్వరమే కదా. చరణ్‌జీత్ సింగ్ 1982లో ముంబైలో టీబీ-303 బేస్ మెషీన్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, జూపిటర్-8 సింథ్ కలిపి రాగాలు చేశాడు. కిక్ సెటప్ కూడా దాదాపు అదే, టీడీ-3 ఆ 303కి కాపీనే. ఆ జూపిటర్‌కి ఎనిమిది వాయిస్‌లున్నా రాగం నడిచింది ఒకసారికి ఒక్క స్వరంతోనే. వాయిస్‌లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పాట ఎప్పుడు చేస్తారు?

ఆర్కెస్ట్రా_కీస్
ఆ రాగాలు చేత్తో వాయించాడు బాబూ! ఆయన సినిమా పాటలకి సెషన్స్‌లో వాయించినవాడు. అంటే నాలాంటివాడు, నీలాంటివాడు కాదు. ఆ చెయ్యి తిరిగినవాడు కాబట్టి అది వచ్చింది. స్టెప్పులో నాలుగు నోట్లు పెట్టి ప్లే నొక్కి చేతులు కట్టుకుంటే వచ్చేది కాదు.

మోండా_మోనో
వచ్చింది ఆ మాట. ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా. నేను మాదాపూర్‌లో ఒక కేఫ్‌లో సెట్ చేసిన రోజు మీలాంటి సీనియరే ఒకాయన ముందు వరసలో కూర్చుని "ఈ అబ్బాయికి వాయించడం రాదు, బటన్లు నొక్కుతాడు" అని పక్కవాళ్లకి వినపడేలా చెప్పాడు. ఆ గంటసేపు నేను ఫిల్టర్లు, మ్యూట్లు, ఎఫెక్టులు అన్నీ చేత్తోనే నడిపా. అది వాయించడం కాదా? మీరు ఫంక్షన్ హాల్లో హిట్ పాటలు ఉన్నవి ఉన్నట్టు దించడం మాత్రం సంగీతం.

ఆర్కెస్ట్రా_కీస్
ఉన్నది ఉన్నట్టు దించాలంటే ముందు చెవి ఉండాలి. పాడేవాళ్లు చివరి నిమిషంలో "అన్నా, అర శ్రుతి తగ్గించు" అంటే ట్రాన్స్‌పోజ్ నొక్కకుండా వాయించి చూపించు, నీ కాళ్లకి దండం పెడతా. మా ఆర్కెస్ట్రాలో పన్నెండు మంది ఉండేవాళ్లం. ఇప్పుడు పెళ్లివాళ్లు ఒక డీజేని, రెండు పెద్ద బాక్సుల్ని పెట్టుకుంటున్నారు. మా డ్రమ్మర్ క్యాబ్ నడుపుతున్నాడు. నీకు నాలుగు వాయిస్‌లు ఎందుకు సరిపోతాయో నాకు తెలుసులే. మెషీన్‌కి ఎన్ని చాలితే మనిషికి అన్ని చాలనుకునే లెక్క అది.

టెర్రస్_టెక్నో
🍿

డీసీవో_దిల్‌సుఖ్‌నగర్
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఒకాయన రెండు చేతుల గురించి, ఒకాయన సీక్వెన్సర్ గురించి మాట్లాడుతున్నారు. రెండిట్లో కిక్ ఏది చేస్తాడో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. కిక్, నువ్వు కీస్ వాయిస్తావా? లైవ్ ఉందా, ఇంట్లోనేనా?

కూకట్‌పల్లి_కిక్
అమ్మో, ఆఫీస్ నుంచి వచ్చి చూసేసరికి ఇంత దూరం పోయిందా.

నాకు కీస్ వాయించడం రాదు. సీక్వెన్సరే. కానీ మా అక్క కర్ణాటక సంగీతం నేర్చుకుంది, ఈ మధ్య ఇద్దరం కలిసి చేస్తున్నాం. తను ఆలాపన చేస్తుంటే కింద సా-ప-సా ఆగకుండా ఉండాలి, దాని మీద అక్కడక్కడా కార్డులు మారాలి. కార్డులు తనే చేత్తో వేస్తానంటోంది. డిసెంబర్‌లో ఫ్రెండ్ వాళ్ల ప్లేస్‌లో చిన్న లైవ్ ఉంది.

ఆర్కెస్ట్రా_కీస్
చూశావా! శ్రుతికే మూడు వాయిస్‌లు పోయాయి. ఎక్స్‌డీలో మిగిలేది ఒక్కటి. ఆ ఒక్కదానితో కార్డ్ వేయమను మీ మోనో భయ్యాని.

మోండా_మోనో
శ్రుతి సింథ్‌లో ఎందుకు పెడతారు సార్? సా-ప-సా కలిపి శాంపిల్ చేసి డిజిటాక్ట్‌లో లూప్ పెట్టుకోవాలి. కార్డులకి పిచ్ జరపడం సమస్య గానీ శ్రుతికి ఎన్ని స్థాయిలు జరిపినా సా-ప మధ్య దూరం మారదు. అక్క గొంతుకి తగ్గట్టు ఒక్క నాబ్‌తో సెట్ అవుతుంది. సింథ్ నాలుగు వాయిస్‌లూ అక్క చేతికే మిగులుతాయి.

డీసీవో_దిల్‌సుఖ్‌నగర్
ఈ ఐడియా బాగుంది. కానీ అక్క రెండు చేతులతో వేస్తే నాలుగు దాటుతుంది, ప్యాడ్ తోకలు అదనం. ఇప్పుడు నా ఓటు డీప్‌మైండ్‌కే. కీస్ కూడా ఫుల్ సైజు, 49. మినీఫ్రీక్, ఎక్స్‌డీ రెండిటికీ 37 సన్న కీలే. కీబోర్డ్ అలవాటు లేని చేతికి సన్నవి ఇంకా కష్టం.

మోండా_మోనో
టేబుల్ మీద జాగా లేదన్నాడు.

కూకట్‌పల్లి_కిక్
స్టాండ్ కొంటా, అన్నా. హబ్సిగూడలో ఒకతను డీప్‌మైండ్ 12 అమ్ముతున్నాడు, బడ్జెట్‌లోనే ఉంది. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా. ఏం చెక్ చేయాలి?

ఆర్కెస్ట్రా_కీస్
ఎఫెక్టులన్నీ ఆపెయ్. ఒకే కీని కనీసం పన్నెండుసార్లు కొట్టు, తొందరపడకు. కొట్టిన ప్రతిసారీ లోపల వేరే వాయిస్ పలుకుతుంది. ఒక్కటి డల్‌గా ఉన్నా, తేడాగా మోగినా కాలిబ్రేషన్ (వాయిస్‌లని సరిచేసే సెట్టింగ్) పెట్టి మళ్లీ విను. అప్పటికీ అలాగే ఉంటే వదిలెయ్. తర్వాత హెడ్‌ఫోన్స్‌తో రిలీజ్ ఎక్కువ పెట్టి కార్డులు మార్చి చూడు. నాది ఉప్పల్, పక్కనే. కావాలంటే నేనూ వస్తా. అక్కని కూడా తీసుకురా, కీస్ మీద చెయ్యి వేసి చూసుకోవాల్సింది తనే.

మోండా_మోనో
వెళ్లి తెచ్చుకోండి. ఆ మెనూలు తిప్పలేక అమ్మాలనిపిస్తే ముందు నాకే చెప్పు కిక్, సగం రేటుకి తీసుకుంటా.