రన్‌వే అంత పొడుగున్నా ఫ్లైట్ చివర దాటి ఎందుకు వెళ్లిపోతుంది?

కిటికీసీటు:
అందరికీ నమస్తే. చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న డౌట్ ఇది. ఫ్లైట్ ల్యాండ్ అయ్యి కూడా ఆగకుండా రన్‌వే చివర దాటి బయటికి వెళ్లిపోయింది అని న్యూస్ వచ్చిన ప్రతిసారీ రెండే మాటలు వినిపిస్తాయి, ఒకళ్లు బ్రేకులు ఫెయిల్ అంటారు, ఇంకొకళ్లు పైలట్ తప్పు అంటారు, అక్కడితో అయిపోతుంది. రన్‌వే చూస్తే రెండున్నర, మూడు కిలోమీటర్లు ఉంటుంది, 737 లాంటి ఫ్లైట్ ఆగడానికి దాంట్లో సగం చాలని చదివాను, మరి మిగతా సగం ఎక్కడికి పోతోంది? వాన వల్ల నిజంగా అంత తేడా వస్తుందా? ఆగదని పైలట్‌కి అర్థమైతే మళ్లీ పైకి లేపేయొచ్చు కదా? మా అమ్మకి ఫ్లైట్ అంటే భయం, అడిగినప్పుడల్లా ఏం కాదులే అని దాటేస్తున్నా, ఇకమీదట తెలిసి చెప్పాలని ఉంది. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

త్రెషోల్డ్50:
నేను ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేస్తానండి, ఈ లెక్కలు వేయడమే మా రోజువారీ పని, కాబట్టి మీ "మిగతా సగం" దగ్గరే మొదలుపెడతా. అది కావాలనే వదిలిపెట్టే సగం. జెట్ ఫ్లైట్‌ని ఒక ఎయిర్‌పోర్ట్‌కి పంపాలంటే పొడి రన్‌వే మీద అది ఆగడానికి పట్టే దూరం అక్కడున్న పొడవులో 60 శాతం దాటకూడదు, తడిగా ఉండొచ్చు అనిపిస్తే దానిమీద ఇంకో 15 శాతం కలుపుతాం. కాకపోతే ఆ ఆగే దూరం లెక్కంతా కొన్ని నమ్మకాల మీద నడుస్తుంది, ఫ్లైట్ రన్‌వే మొదలు అంచుని 50 అడుగుల ఎత్తులో దాటుతుందని, స్పీడ్ కరెక్టుగా ఉంటుందని, అనుకున్న చోటే చక్రాలు ఆనుతాయని. వీటిలో ఒక్కోటి తప్పుతున్న కొద్దీ ఆ సగం కరిగిపోతూ ఉంటుంది.

ఎలా కరుగుతుందో చూడండి. మామూలుగా 3 డిగ్రీల కోణంలో దిగుతారు. ఆ కోణంలో అంచు దగ్గర ఒక్క 10 అడుగులు ఎక్కువ ఎత్తులో ఉంటే దాదాపు 200 అడుగులు ముందుకెళ్లి ఆనుతుంది. 140 నాట్స్ అంటే సెకనుకి 236 అడుగులు, నేల మీద ఆనకుండా ఐదు సెకన్లు అలా తేలుతూ పోయిందంటే 1,180 అడుగుల రన్‌వే వెనకపడిపోయినట్టే, వెనకపడ్డ రన్‌వేతో ఎవరికీ పని లేదు. స్పీడ్ 10 శాతం పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. వెనకనుంచి గాలి కొడుతుంటే, అంటే టెయిల్‌విండ్ ఉంటే, గాలిలో స్పీడ్ కరెక్టుగానే చూపిస్తుంది గానీ నేల మీద పరుగు అంతా ఎక్కువైపోతుంది, చాలా జెట్‌లకి 10 లేదా 15 నాట్స్ అని లిమిట్ పెట్టింది అందుకే.

2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో ఇవన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. జోరు వాన, ఒకవైపు నుంచి ట్రై చేసి దిగలేక రెండోసారి అవతలివైపు నుంచి టెయిల్‌విండ్‌తో వచ్చారు, కెప్టెన్ వైపు వైపర్ సరిగ్గా పనిచేయలేదు, 8,858 అడుగుల రన్‌వే మీద 4,438 అడుగులు దాటాక గానీ చక్రాలు ఆనలేదు. కో-పైలట్ గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేపేయమని చెప్పినా ల్యాండింగ్ కంటిన్యూ చేశారు. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది పోయారు. దీంట్లో బ్రేకులు ఫెయిల్ అన్న మాటే లేదు చూడండి. ఓవర్‌రన్, అంటే ఇలా రన్‌వే చివర దాటిపోయిన కేసుల రిపోర్టులు ఏవి తీసినా నాకు ఎక్కువగా ఇదే కనిపిస్తుంది, ఒక పెద్ద కారణం కాదు, ఇక్కడ కొంచెం అక్కడ కొంచెం పోగొట్టుకుంటూ వచ్చి చివర్లో అడుగు కూడా మిగలకపోవడం.

లైన్‌మెయింటెనెన్స్:
పైన అన్న చెప్పింది కరెక్ట్, నేను మెషీన్ వైపు నుంచి చెప్తా. ఫ్లైట్‌ని ఆపేవి మూడు, బ్రేకులు, స్పాయిలర్లు, ఇంజన్ తోపుని ఎదురు తిప్పే రివర్సర్లు. జనం ల్యాండ్ అవ్వగానే ఇంజన్ గర్జించే సౌండ్ విని అదే ఆపుతోంది అనుకుంటారు, పొడి రన్‌వే మీద పనంతా చేసేది చక్రాల బ్రేకులే. రివర్సర్ విలువ తెలిసేది రన్‌వే తడిసినప్పుడు, బ్రేకులు పట్టు దొరక్క జారుతున్నప్పుడు.

అందరూ మర్చిపోయేది స్పాయిలర్లు. రెక్క కిటికీ పక్కన కూర్చుంటే కనిపిస్తుంది, చక్రాలు ఆనగానే రెక్క పైన పలకలు టపాటపా నిటారుగా లేస్తాయి. ఆ క్షణానికి రెక్కలు ఇంకా ఫ్లైట్‌ని మోస్తూనే ఉంటాయి, బరువు చక్రాల మీదకి దిగలేదు, బరువు దిగనిదే బ్రేక్ ఎంత నొక్కినా టైరు జారుతుంది తప్ప పట్టదు. స్పాయిలర్ లేచాకే బరువంతా టైర్ల మీద కూర్చుంటుంది. 1999 జూన్ 1న అమెరికాలో లిటిల్ రాక్‌లో ఒక ఎండీ-82 ఉరుములు మెరుపుల్లో దిగింది, స్పాయిలర్లు ముందే ఆర్మ్ చేయడం, అంటే ఆనగానే వాటంతటవే లేచేలా సెట్ చేయడం మర్చిపోయారు, అవి లేవలేదు, ఫ్లైట్ చివర దాటి వెళ్లి ముక్కలైంది, 11 మంది చనిపోయారు.

1993లో వార్సా కేసు నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. ఏ320 అది, పక్కగాలి వస్తుందని చెప్పారు కాబట్టి పైలట్లు స్పీడ్ కాస్త పెంచి ఒకవైపు ఒరిగించి దించారు, తీరా చూస్తే గాలి వెనక నుంచి కొట్టింది, కుడి చక్రాలు ఆనాయి గానీ ఎడమవి ఆనడానికి ఇంకో 9 సెకన్లు పట్టింది. రెండు వైపులా బరువు పడితేనో చక్రాలు గట్టిగా తిరిగితేనో తప్ప నేల మీద ఉన్నట్టు సిస్టమ్ ఒప్పుకోదు, నీళ్ల మీద చక్రాలు సరిగ్గా తిరగలేదు, దాంతో స్పాయిలర్లు గానీ రివర్సర్లు గానీ టైముకి రాలేదు. సిస్టమ్ అలా పెట్టింది కూడా మంచికే, గాలిలో ఉండగా పొరపాటున రివర్సర్ తెరుచుకోకూడదని. ఏ పార్టూ పాడవలేదు, అన్నీ తయారుచేసినట్టే పనిచేశాయి, అయినా ఇద్దరు పోయారు.

2007 జూలై 17న సావో పాలోలో కాంగోన్యాస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర జరిగింది అన్నిటికంటే ఘోరం. ఆ ఏ320కి కుడి ఇంజన్ రివర్సర్ ముందే లాక్ చేసి ఉంది, అది రూల్స్ ఒప్పుకునేదే, అలా ఎగరొచ్చు. దిగాక ఎడమ ఇంజన్ పవర్ లీవర్ వెనక్కి లాగారు గానీ కుడిది క్లైంబ్ పొజిషన్‌లోనే, అంటే పైకెక్కేటప్పుడు పవర్ ఇచ్చే చోటే ఉండిపోయింది, అంటే ఒక ఇంజన్ ఆపుతుంటే ఇంకోటి తోస్తోంది, ఆ లీవర్ అక్కడ ఉన్నందుకు స్పాయిలర్లు లేవలేదు, ఆటోబ్రేక్ పట్టలేదు. పైగా వాన, రన్‌వేకి కొత్తగా తారు వేశారు గానీ నీళ్లు పోవడానికి గాళ్లు ఇంకా కోయలేదు. 199 మంది చనిపోయారు, అందులో 12 మంది నేల మీద ఉన్నవాళ్లు. లీవర్ కదపలేదు కాబట్టి పైలట్ తప్పు అని ఒక ముక్కలో తేల్చేస్తే మిగతావన్నీ ఎవరు బాగుచేస్తారు చెప్పండి.

కిటికీసీటు:
చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. వాన గురించి ఇంకాస్త చెప్తారా, గాళ్లు కోయడం అంటే ఏంటి? అలాగే నా మూడో ప్రశ్న, చక్రాలు ఆనాక ఆగదు అనిపిస్తే మళ్లీ ఎగరొచ్చా లేదా?

త్రెషోల్డ్50:
వాన గురించి ముందు. రన్‌వే మీద అడ్డంగా సన్నటి గీతల్లా కోస్తారు, టైరు కింద నలిగిన నీళ్లు వాటిలోంచి పక్కకి పోవడానికి. నీళ్లు పోకపోతే టైరు నేలని వదిలేసి నీటి పొర మీద తేలుతుంది, దాన్నే ఆక్వాప్లేనింగ్ అంటారు. టైరు ప్రెషర్ వర్గమూలాన్ని 9తో గుణిస్తే సుమారుగా ఏ స్పీడ్ పైన తేలుతుందో నాట్స్‌లో వస్తుంది, 200 పీఎస్ఐ టైరుకి 127 నాట్స్. ల్యాండింగ్ స్పీడ్ 140 అనుకుంటే నీళ్లు నిలిచిన చోట మొదట్లో బ్రేకులకి దొరికేది దాదాపు ఏమీ ఉండదు. ఇంకోటుంది, వేల ల్యాండింగుల్లో టైర్ల రబ్బరు కరిగి రన్‌వేకి అంటుకుంటుంది, అవతలి వైపు నుంచి దిగే ఫ్లైట్లు వదిలిన రబ్బరు మనకి చివరి భాగంలో వస్తుంది, అంటే లేటుగా ఆనినవాళ్లకి బ్రేకు అత్యవసరమైన చోటే నేల నున్నగా ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ వాళ్లు ఆ రబ్బరు గీకించకపోతే అది కూడా ఒక కారణమే. తడి రన్‌వే మీద దూదిలా మెత్తగా దిగడం కూడా మంచిది కాదండి, కాస్త గట్టిగా ఆనించమనే పైలట్లకి నేర్పిస్తారు, ఆ కుదుపుకి పైలట్‌ని తిట్టుకోవద్దు.

మళ్లీ ఎగరడం గురించి. గాలిలో ఉన్నంతసేపూ, అసలు చక్రాలు ఆనాక కూడా, ఆ దారి తెరిచే ఉంటుంది. రివర్సర్లు తెరిచారంటే మాత్రం మూసుకుపోయినట్టే, ఆ తర్వాత ఎలాగైనా ఆపాల్సిందే. 2010 మే 22న మంగళూరులో తప్పింది ఇక్కడే. దిగే దారిలో చాలా ఎత్తులో ఉన్నారు, కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి లేచారని, ఆ మత్తు కూడా ఒక కారణమని విచారణ తేల్చింది. కో-పైలట్ గో అరౌండ్ అంటూనే ఉన్నారు. దాదాపు 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగుల దగ్గర ఆనింది. రివర్సర్లు తెరిచి బ్రేకులు వేసి, కొన్ని సెకన్లకి మనసు మార్చుకుని మళ్లీ ఎగరాలని చూశారు. గుట్ట మీద కట్టిన రన్‌వే, చివర లోయ. 158 మంది పోయారు, 8 మంది బతికారు. అంత లేటుగా ఆనినా కూడా బ్రేకుల మీదే గట్టిగా ఉండి ఉంటే ఆగేదని రిపోర్ట్‌లో ఉంది, అది చదివినప్పుడల్లా గుండె పిండేసినట్టు ఉంటుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 1999లో బ్యాంకాక్‌లో ఒక 747 జోరువానలో దిగుతూ కెప్టెన్ గో అరౌండ్ అన్నారు, అంతలో చక్రాలు ఆనేసరికి మాట చెప్పకుండా లీవర్లు వెనక్కి లాగేశారు, ఎవరేం చేయాలో గందరగోళం, రివర్సర్లు వేయాలన్నదే ఎవరికీ తట్టలేదు, చివర దాటి గోల్ఫ్ కోర్స్ వైపు వెళ్లిపోయింది. అదృష్టం, ఎవరూ పోలేదు. ఏదో ఒక నిర్ణయం తీసుకుని దానిమీద నిలబడకపోతే ఉన్న రన్‌వే కూడా ఆలోచనల్లోనే అయిపోతుంది.

అందుకే మీ అమ్మగారికి ఒకటి చెప్పండి, దిగబోతున్న ఫ్లైట్ ఒక్కసారిగా పైకి లేచిందంటే కంగారు పడొద్దని. కుదరనప్పుడు మానుకున్న పైలట్ మంచి పైలట్ అని అర్థం. ఎయిర్‌లైన్స్ కూడా గో అరౌండ్ చేసినందుకు పైలట్‌ని సంజాయిషీ అడగకూడదు అని నేను గట్టిగా నమ్ముతా. లేటవుతుంది, ఫ్యూయల్ ఖర్చు అన్న భయం కాక్‌పిట్‌లోకి వెళ్లిందంటే ఆ మార్జిన్‌లో కొంత అక్కడే పోయినట్టు.

వీవన్:
అందరూ ల్యాండింగ్ గురించే చెప్తున్నారు, టేకాఫ్‌లో కూడా ఓవర్‌రన్ అవుతుంది బ్రో. వీ1 అని ఒక స్పీడ్ ఉంటుంది, అది దాటాక ఆపితే మిగిలిన రన్‌వే సరిపోదు, కాబట్టి ఇంజన్ పోయినా సరే ఎగరాల్సిందే. ఆ స్పీడ్ లెక్క బరువు మీద ఆధారపడుతుంది, బరువు తప్పు కొడితే అంతే సంగతులు. 2009 మార్చిలో మెల్‌బోర్న్‌లో ఏ340కి 362.9 టన్నులు కొట్టాల్సింది 262.9 అని పడింది, ఒక్క అంకె తేడా, 100 టన్నులు! లెక్క ప్రకారం ఇంజన్ పవర్ తక్కువ పెట్టారు, తోక నేలకి రాసుకుంటూ రన్‌వే దాటాక గానీ లేవలేదు, చివర ఉన్న లైట్లు, యాంటెన్నా కూడా తగిలాయి. అందరూ సేఫ్‌గా వెనక్కి వచ్చారు.

వీ1 దాటాక ఆపడమే కరెక్ట్ అయిన కేసు కూడా ఉంది. 2017 మార్చి 8న అమెరికాలో విల్లో రన్ ఎయిర్‌పోర్ట్‌లో ఎండీ-83, ముక్కు లేపుదామని యోక్ (పైలట్ చేతిలోని కంట్రోల్) లాగితే లేవట్లేదు. పార్క్ చేసి ఉన్నప్పుడు వీచిన పెనుగాలికి తోకలో ఎలివేటర్, అంటే ముక్కుని పైకి కిందకి తిప్పే పలక, జామ్ అయిపోయింది, బయట నడిచి చెక్ చేస్తే కనిపించేది కాదు. ఆ స్పీడ్‌లో ఆపేశారు, రన్‌వే చివర దాటి చాలా దూరం వెళ్లింది, 116 మందిలో ఒక్కరికి చిన్న గాయం. ఎగరని ఫ్లైట్‌ని ఎగిరించడానికి ట్రై చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

లైన్‌మెయింటెనెన్స్:
విల్లో రన్ గుర్తుచేసినందుకు థాంక్స్, అక్కడ ప్రాణాలు కాపాడింది పైలట్ నిర్ణయంతో పాటు రన్‌వే చివర వదిలిన ఖాళీ స్థలం. ఎందుకు దాటింది అన్నదాని కన్నా దాటాక ఎదురుగా ఏముంది అన్నదే చాలాసార్లు ఎంతమంది బతుకుతారో తేలుస్తుంది. రన్‌వే స్ట్రిప్ (రన్‌వే చుట్టూ వదిలే చదును స్థలం) అయ్యాక 90 మీటర్ల సేఫ్టీ ఏరియా తప్పనిసరి, 240 మీటర్లు ఉంటే మంచిది అని ఐకావో, అంటే అంతర్జాతీయ విమానయాన సంస్థ చెప్తుంది. స్థలం లేని చోట ఈమాస్ వేస్తారు, టైరు బరువుకి నలిగిపోయే తేలికైన కాంక్రీట్ దిమ్మలు, చక్రాలు అందులో దిగబడి ఫ్లైట్ ఆగిపోతుంది. 2016 అక్టోబర్‌లో న్యూయార్క్ లాగార్డియాలో అప్పట్లో అమెరికా వైస్ ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తున్న మైక్ పెన్స్ ఉన్న 737ని ఆపింది అదే, ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు. ఒకసారి నలిగిన దిమ్మలు మళ్లీ కొత్తవి వేయాలి, ఖర్చే, అయినా ప్రతి ఇరుకు ఎయిర్‌పోర్ట్‌లో పెట్టాలి.

2024 డిసెంబర్ 29న కొరియా మువాన్‌లో ఏముందో చూశారు కదా. చక్రాలు దించకుండా పొట్ట మీద దిగిన 737 రన్‌వే దాటి జారుకుంటూ వెళ్లి యాంటెన్నా నిలబెట్టిన దిమ్మని గుద్దుకుంది, లోపల కాంక్రీట్, 181 మందిలో ఇద్దరే మిగిలారు. ఆ యాంటెన్నా అక్కడ ఉండాల్సిందే, ల్యాండింగ్‌కి దారి చూపించేది అదే, కానీ దాని కింద దిమ్మ తగలగానే విరిగిపోయేలా ఉండాలి. ఎయిర్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, రన్‌వే చివర కంచె దాకా నడిచి వెళ్లి దారిలో గట్టిగా ఏం కట్టారో ఒక్కసారి చూడండి సార్.